మణికట్టుకు వెలకట్టే కొలబద్ద

అమెరికాలో సైన్యం నుంచి బయటికి వచ్చిన వ్యక్తి మణికట్టు ఏ మేరకు దెబ్బతిన్నదో తేల్చడానికి అక్కడి ప్రభుత్వం వాడే ప్రమాణం రెండు వాక్యాల్లో ఇమిడిపోతుంది. చేతిని వెనక్కి ఎత్తినప్పుడు కోణం 15 డిగ్రీలకు చేరకపోతే పది శాతం వైకల్యం. అరచేతివైపు వంచబోతే ముంజేతికి సమరేఖలోనే ఆగిపోతే, దానికీ పది శాతమే. రాసే చేయైనా రెండో చేయైనా ఇందులో తేడా లేదు. ఆ పది దాటాలంటే కీలు పూర్తిగా బిగుసుకుపోయి ఉండాలి. అప్పుడు వాటమైన చేతికి కనీసం ముప్పై శాతం వస్తుంది. పదికీ ముప్పైకీ మధ్య మెట్టే లేదు. మణికట్టు, చేతి జబ్బులతో మాజీ సైనికులు వేసే అప్పీళ్లలో కొన్ని ఈ ఖాళీ దగ్గర మొదలవుతాయి. మరికొన్ని ఇంకో ప్రశ్న దగ్గర మొదలవుతాయి: ఈ జబ్బు సైన్యంలో వచ్చిందా, తర్వాత వచ్చిందా? రెండు చోట్లా చట్టం అడుగుతున్న ప్రశ్నకు జవాబు శరీరశాస్త్రం దగ్గర ఉంది. ఆ జవాబు ఫైలులోకి ఎక్కుతున్నదా అన్నదే అసలు సమస్య.

ముందు మణికట్టు సంగతి. మనం ఒక కీలు అనుకునేది నిజానికి ఎనిమిది చిన్న ఎముకల కూర్పు. రెండు వరసలుగా అమరిన ఆ ఎముకలు ముంజేతి ఎముకలకూ అరచేతి ఎముకలకూ మధ్య జారుతూ, తిరుగుతూ, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పనిచేస్తాయి. వేళ్లను గట్టిగా ముడిచే కండరాలు చేతిలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. వాటి టెండన్లు మణికట్టు దాటుకుని వేళ్లకు చేరతాయి. అందువల్ల మణికట్టు ఏ కోణంలో ఉందన్నదాని మీదే పట్టు బలం ఆధారపడుతుంది. పాఠకులు ఇప్పుడే పరీక్షించి చూడవచ్చు. మణికట్టును అరచేతివైపు వంచగలిగినంత వంచి, అలాగే ఉంచి పిడికిలి బిగించండి. వేళ్లు మధ్యలోనే ఆగిపోతాయి, బిగువు రాదు. ఇప్పుడు మణికట్టును కాస్త వెనక్కి ఎత్తండి. పిడికిలి ఇట్టే బిగుసుకుంటుంది. వంగిన మణికట్టులో వేళ్లను ముడిచే కండరాలు అప్పటికే పొట్టిబడి ఉంటాయి. ఇంకా ముడుచుకోవడానికి వాటికి పొడవు మిగలదు. అవతలివైపు వేళ్లను చాచే టెండన్లు బిగుసుకుని వెనక్కి లాగుతాయి. మనిషి తనకు తెలియకుండానే గరిష్ఠ బలంతో పట్టుకునే కోణం వెనక్కి దాదాపు 35 డిగ్రీలని 1990ల మొదట్లో జరిగిన పరిశోధన చూపింది.

ఈ విషయం రేటింగు పట్టిక రాసినవారికీ తెలుసు. కీలు బిగుసుకుపోయినా, వెనక్కి 20 నుంచి 30 డిగ్రీల మధ్య బిగుసుకుంటే దాన్ని అనుకూల స్థితిగా లెక్కవేసి వాటమైన చేతికి ముప్పై, రెండోదానికి ఇరవై శాతం ఇస్తారు. అరచేతివైపు వంగి బిగుసుకుంటే యాభై, నలభై. పిడికిలి పరీక్షలో మీరు చూసిన తేడాయే ఈ అంకెల్లో ఉంది. ఆ మేరకు పట్టిక శాస్త్రబద్ధమే.

చేతి వైద్యం సైనికుల గాయాల నుంచే పెరిగిందని చెప్పడం అతిశయోక్తి కాదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఫిలడెల్ఫియాలోని టర్నర్స్ లేన్ ఆసుపత్రిలో సైలస్ వెయిర్ మిచెల్, ఇద్దరు సహచరులతో కలిసి తుపాకీగుండ్లకు నరాలు దెబ్బతిన్న సైనికులను పరిశీలించారు. 1864లో వారి పుస్తకం వచ్చింది. అందులోని కొందరు రోగుల చేతులు పైకి మానిపోయాయి, కాని లోపల నిప్పు పెట్టినట్టు మండేవి. పొడిగాలి సోకినా, బట్ట తగిలినా భరించలేక వాళ్లు చేతిని ఎప్పుడూ తడిగుడ్డలో చుట్టి ఉంచుకునేవారు. పొడి రాపిడి చేతిదాకా పాకుతుందని బూట్లలో నీళ్లు పోసుకున్నవాడూ ఉన్నాడు. కండర బలం, కీలు కదలిక బాగానే ఉన్నా నొప్పి ఒక్కటే చేతిని పనికిరాకుండా చేయగలదని ఆ పుస్తకం నూట అరవై ఏళ్ల కిందటే రాసిపెట్టింది. దీన్ని గుర్తుపెట్టుకోవాలి, చట్టం ఈ మాట ఒప్పుకోవడానికి 2018 దాకా పట్టింది.

తర్వాత మొదటి ప్రపంచయుద్ధం. నరం తెగిన సైనికుల్లో నరం ఉన్నచోట వేలితో తడితే కరెంటు షాకులా జివ్వుమనడం ఫ్రెంచి వైద్యుడు జూల్ టినెల్ 1915లో గమనించారు. అదే ఏడాది యుద్ధంలో అవతలి పక్షాన ఉన్న జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ హాఫ్‌మన్ కూడా అదే సంగతి రాశారు. మణికట్టు మీద వేలితో తట్టి చేసే ఆ పరీక్ష నేటికీ చేతి నరాల వైకల్య పరీక్షల్లో కనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో శాన్‌ఫ్రాన్సిస్కో శస్త్రవైద్యుడు స్టెర్లింగ్ బనెల్ సైనిక ఆసుపత్రుల్లో ప్రత్యేక చేతి చికిత్స కేంద్రాలు పెట్టించారు. అక్కడ తయారైన వైద్యులే 1946లో అమెరికన్ చేతి శస్త్రవైద్యుల సంఘానికి పునాది వేశారు.

ఆ యుద్ధం ముగిసిన 1945లోనే, పైన చెప్పిన పట్టిక ఉన్న నేటి రేటింగు షెడ్యూలు కూడా వచ్చింది. ఆ తర్వాత భాగాలు భాగాలుగా సవరించారు. ఎముకలు, కండరాల భాగానికి 2021 ఫిబ్రవరిలో పెద్ద సవరణలు జరిగాయి. మణికట్టు దగ్గరి 15 డిగ్రీలు మాత్రం అలాగే ఉన్నాయి.

షెడ్యూలులో శాతం అంటే సగటున సంపాదన శక్తిలో కలిగే నష్టమని నిబంధనే చెబుతుంది. అంటే కొలవవలసింది కోణాన్ని కాదు, ఆ కోణం పోవడం వల్ల పోయిన పనిని. 1985లో ఒక పరిశోధక బృందం మనుషుల మణికట్లకు కొలిచే పరికరం కట్టి రోజువారీ పనులు చేయించి చూసింది. చాలా పనులకు వెనక్కి 30 డిగ్రీల కదలిక కావాలని తేలింది. 1991లో మరో బృందం రోజువారీ పనులను పరిశీలించి వెనక్కి నలభై, ముందుకు నలభై ఉంటే హాయిగా పనులు సాగుతాయని చెప్పింది. నిబంధనల ప్రకారం ఆరోగ్యవంతుడి మణికట్టు వెనక్కి 70, ముందుకు 80 డిగ్రీలు వంగుతుంది. ఇప్పుడొక మెకానిక్‌ను ఊహించుకోండి. అతని చేయి వెనక్కి 20 డిగ్రీలే లేస్తుంది. సహజమైన కదలికలో మూడో వంతు కూడా మిగల్లేదు, రెండు పరిశోధనలు చెప్పిన హద్దులకూ దిగువన ఉన్నాడు. కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవలేడు, స్పానర్ గట్టిగా తిప్పలేడు. అయినా పట్టిక ప్రకారం 15 దాటాడు గనుక కదలిక లెక్కలో అతనికి వచ్చేది సున్నా.

ఇక్కడ ఆదుకునేది ఇంకో నిబంధన. కదిలిస్తే నొప్పి వచ్చే కీలుకు ఆ పట్టికలోని కనీస రేటింగు ఇవ్వాలని అది చెబుతుంది. దానివల్ల మన మెకానిక్‌కు పది శాతం దక్కుతుంది. అక్కడితో ఆగిపోతుంది. మాజీ సైనికుల కేసులు వినే ప్రత్యేక కోర్టు 1995లో ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది: కోణం కొలిచి ఊరుకుంటే చాలదు, నొప్పి, నీరసం, త్వరగా అలిసిపోవడం, పట్టు తప్పడం, పదేపదే వాడాక తగ్గే కదలిక, ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలి. వైద్యశాస్త్రం తెలిసినవారెవరైనా హర్షించే తీర్పు అది. కాని రెండేళ్లకే, 1997లో, సరిగ్గా మణికట్టు కేసులోనే అదే కోర్టు దానికొక హద్దు గీసింది. కదలిక పట్టికలో గరిష్ఠమైన పది శాతం ఇప్పటికే అందుకుంటున్నవారికి ఈ అదనపు పరిశీలన అక్కర్లేదని చెప్పింది. నిబంధన భాషను బట్టి ఆ తీర్పును తప్పుపట్టడం కష్టం. శరీరాన్ని బట్టి చూస్తే మాత్రం ఇది పెద్ద లోటు. మోకాలికి, భుజానికి కదలిక తగ్గేకొద్దీ ఎక్కడానికి మెట్లున్నాయి, అలసటను లెక్కవేస్తే పై మెట్టు అందే అవకాశం ఉంది. మణికట్టుకు ఉన్నది ఒక్క మెట్టు.

తర్వాతి తీర్పులు పరీక్ష గదిలో ఏం జరగాలో నేర్పాయి. దెబ్బతిన్న కీలును రోగి తనంత తాను కదిపినప్పుడు, వైద్యుడు పట్టుకుని కదిపినప్పుడు, బరువు మోపి, మోపకుండా, వీలైతే రెండో చేతితో పోల్చి కొలవాలని 2016లో చెప్పారు. నొప్పి ఉధృతమైన రోజుల్లో కదలిక ఎంత తగ్గుతుందో, పరీక్ష రోజున ఆ ఉధృతి లేకపోయినా, రోగి చెప్పినదాన్నీ ఫైలునూ ఆధారం చేసుకుని వైద్యుడు అంచనా వేయాలని 2017లో చెప్పారు. 2018లో పైకోర్టు అయిన ఫెడరల్ సర్క్యూట్, జబ్బు పేరు తేలకపోయినా పనికి అడ్డుతగిలే నొప్పే వైకల్యం కావచ్చునని తీర్పిచ్చింది. వెయిర్ మిచెల్ రోగులు తడిగుడ్డలతో చెప్పిన మాట అదే.

వేళ్ల పట్టికలు ఇంకా సూటిగా ఉంటాయి. బొటనవేలి మెత్త మిగతా వేళ్లకు రెండు అంగుళాల కన్నా దూరంలో ఆగిపోతే ఇరవై శాతం. ఒకటి నుంచి రెండు అంగుళాల ఎడమైతే పది. చూపుడువేలు, మధ్యవేలు ముడిచినప్పుడు కొనకూ అరచేతి మడతకూ మధ్య అంగుళం మిగిలితే పది. ఉంగరపువేలు, చిటికెనవేలు ఎంత ముడుచుకోకపోయినా సున్నాయే. ఉంగరపువేలి నొప్పికి కనీస రేటింగైనా ఇవ్వాలని వాదించిన కేసులో, పట్టికలోనే సున్నా తప్ప ఏమీ లేనప్పుడు కనీసమనేది ఎక్కడిదని 2016లో కోర్టు కొట్టేసింది. చిన్న చిన్న వస్తువులు పట్టుకోవడంలో ఆ రెండు వేళ్ల పాత్ర స్వల్పమే, నిజం. కాని సుత్తిపిడి, గడ్డపార, తాడు లాంటివి బిగించి పట్టేది ఆ రెండు వేళ్లే. చేతిపని చేసుకునేవాడి సంపాదనలో వాటి వాటా సున్నా అనడం నాకు సమంజసంగా తోచదు.

నరాల దగ్గరికి వస్తే చిక్కు మరో రకంగా ఉంటుంది. మణికట్టు ఎముకలు అడుగుగా, వాటి మీద అడ్డంగా బిగిసిన దళసరి లిగమెంట్ పైకప్పుగా ఒక ఇరుకు సొరంగం ఉంది; దానిలోంచి తొమ్మిది టెండన్లు, వాటితోపాటు మీడియన్ నరం వెళతాయి. బొటన, చూపుడు, మధ్య వేళ్లకూ ఉంగరపువేలిలో సగానికీ స్పర్శ ఇచ్చేది ఆ నరమే. ఆరోగ్యవంతుల్లో సొరంగం లోపలి ఒత్తిడి రెండు మూడు మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే. కార్పల్ టన్నెల్ జబ్బున్నవారిలో అది ముప్పై దాటుతుందని, చేయి వంచితే తొంభై కూడా దాటుతుందని 1981లో కొలిచి చూపారు. అంత ఒత్తిడిలో నరానికి రక్తం అందించే సన్నని నాళాలు నొక్కుకుపోతాయి. రాత్రి నిద్రలో చేయి వంగి ఉంటుంది గనుక తిమ్మిర్లు అప్పుడు ఎక్కువ. రోగి లేచి కూర్చుని చేతులు విదిలించుకుంటాడు. పగలు చొక్కా గుండీ పెట్టుకోలేడు, జేబులో చేయిపెట్టి తాళంచెవికీ నాణేనికీ తేడా తెలుసుకోలేడు. కోణాలు కొలిస్తే మాత్రం అన్నీ మామూలే.

అందుకే ఈ జబ్బును కీళ్ల పట్టికతో కాకుండా నరాల పట్టికతో లెక్కిస్తారు. స్వల్పమైతే రెండు చేతులకూ పదేసి. మధ్యస్థమైతే వాటమైన చేతికి ముప్పై, రెండోదానికి ఇరవై. తీవ్రమైతే యాభై, నలభై. పూర్తిగా చచ్చుబడితే డెబ్బై, అరవై. స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అంటే ఏమిటో నిబంధనలు నిర్వచించలేదు. స్పర్శ మాత్రమే దెబ్బతిని కండర బలం నిలిచి ఉంటే మధ్యస్థం దాటకూడదన్న సూచన ఒక్కటే ఉంది. అప్పీళ్లలో వాదన తరచూ ఈ మూడు విశేషణాల చుట్టే తిరుగుతుంది. ఇలాంటి చోట బొటనవేలి మొదట్లో కండ కరిగిందా, పరీక్షలో నరం వేగం ఎంత తగ్గింది, రెండో చేతితో పోలిస్తే పట్టు ఎంత అన్న వివరాలు రిపోర్టులో ఉంటే విశేషణానికి బరువు వస్తుంది. అవి లేకపోతే తీర్పు రాసేవారి ఊహే మిగులుతుంది. ఎడమచేతి వాటమా కుడిచేతి వాటమా అన్నది కూడా ఫైలులో స్పష్టంగా ఉండాలి. రెండు చేతులూ సమానంగా వాడేవారికి ఎక్కువ దెబ్బతిన్న చేతినే వాటమైన చేతిగా పరిగణించాలని నిబంధన ఉంది. ఈ సంగతి తెలియక నష్టపోవడం తేలిక.

రెండు చేతులూ దెబ్బతింటే లెక్క మారుతుంది. కుడిచేతివాటం మనిషికి రెండు చేతుల్లోనూ మధ్యస్థ స్థాయి అనుకుందాం: ముప్పై, ఇరవై. వీటిని కలిపి యాభై అనరు. ముప్పై పోగా మిగిలిన డెబ్బైలో ఇరవై శాతం, అంటే పద్నాలుగు. మొత్తం నలభై నాలుగు. రెండు చేతులూ పోతే ఒకదాని పని ఇంకొకటి అందుకోలేదు గనుక దానిలో పదో వంతు, 4.4, కలుపుతారు. నలభై ఎనిమిది అవుతుంది. దగ్గరి పదికి సవరిస్తే యాభై. ఆ అదనపు పదో వంతు మరచిపోతే నలభై దగ్గర ఆగిపోతుంది.

శాతాల గొడవ కన్నా ముందే ఓడిపోయే కేసులున్నాయి. అవి నా దృష్టిలో ఇంకా బాధాకరమైనవి. ఒక ఊహాజనిత సైనికుణ్ణి తీసుకుందాం. 1991లో ట్రక్కు మీది నుంచి దూకుతూ చాచిన చేతి మీద పడ్డాడు. శిబిరంలో బెణుకు అని రాసి, పట్టీ చుట్టి, నొప్పి మాత్రలిచ్చి, వారం తేలికపాటి పని ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత సైన్యం నుంచి బయటికొచ్చే పరీక్షలో మణికట్టు మామూలే అని రాశారు. అతనూ ఏమీ చెప్పలేదు. ఇంటికి పోయే రోజున నొప్పుల చిట్టా విప్పి ఇంకో నెల ఆగాలని ఏ సైనికుడూ కోరుకోడు. 2012 నాటికి మణికట్టు వాచి, పట్టు పోయింది. దరఖాస్తు పెట్టాడు. పరీక్షించిన వైద్యుడు రాసింది ఒక్క వాక్యం: సర్వీసు తర్వాత పదిహేడేళ్లు చికిత్స లేదు గనుక సర్వీసుతో సంబంధం ఉండే అవకాశం తక్కువ.

ఆ వాక్యం తప్పని చెప్పగలిగేది స్కఫాయిడ్ అనే ఎముక. బొటనవేలి మొదట్లో, జీడిపప్పు ఆకారంలో ఉంటుంది. చాచిన చేతి మీద పడిన యువకుల్లో మణికట్టు ఎముకల్లో అన్నిటికన్నా ఎక్కువగా విరిగేది అదే. విరిగిన రోజున తీసిన ఎక్స్‌రేలో పగులు కొన్నిసార్లు కనబడనే కనబడదు. అందుకే బొటనవేలి మొదటి గుంటలో నొక్కితే నొప్పి ఉన్నప్పుడు, చేతిని కట్టుకట్టి ఉంచి, పది పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయాలి, లేదా ఎమ్మారై చేయించాలి. దీని రక్తప్రసరణ కూడా విచిత్రంగా ఉంటుంది. రక్తనాళాలు వేళ్లవైపు కొస దగ్గర ఎముకలోకి దిగి, అక్కడి నుంచి వెనక్కి, ముంజేతివైపు పారతాయి. ఎముక నడుమ విరిగితే ముంజేతివైపు ముక్కకు రక్తం అందకపోవచ్చు. అప్పుడు ఎముక అతకకపోవచ్చు, కొన్నాళ్లకు ఆ ముక్క చచ్చుబడవచ్చు. అయినా నొప్పి కొన్ని వారాల్లో తగ్గిపోవచ్చు. మనిషి బెణుకు మానిందనుకుంటాడు. లోపల అతకని ఎముక వల్ల పక్క ఎముకల వరస కుంగి, మృదులాస్థి ఏళ్ల తరబడి ఒరుసుకుంటూ పోతుంది. ఆర్థ్రైటిస్ మొదట బొటనవేలి వైపు, తర్వాత మధ్యకు పాకుతుంది. ఈ నడక పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుందని 1980ల్లో అతకని స్కఫాయిడ్లను వరసగా పరిశీలించిన శస్త్రవైద్యులు రాశారు. అంటే పదిహేడేళ్ల మౌనం ఈ జబ్బును కాదనే సాక్ష్యం కాదు. ఈ జబ్బు సహజంగా నడిచే తీరే అది.

చట్టం కూడా ఈ మాటకు తలుపు తెరిచే ఉంచింది. పాత వైద్య రికార్డు లేదన్న ఒక్క కారణంతో మాజీ సైనికుడి మాట నమ్మదగదనకూడదని ఫెడరల్ సర్క్యూట్ 2006లో చెప్పింది. కారణం రాయని వైద్యాభిప్రాయానికి విలువ లేదని, బరువంతా తర్కంలోనే ఉందని 2008లో ప్రత్యేక కోర్టు చెప్పింది. రికార్డు లేకపోవడం సైనికుడి తప్పు కానక్కర్లేదు కూడా. 1973 జూలైలో సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో చెలరేగిన మంటల్లో దాదాపు 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు కాలిపోయాయి. 1912 నుంచి 1959 దాకా సైన్యం వదిలిన వారిలో దాదాపు ఎనభై శాతం మంది కాగితాలు వాటిలో పోయాయి. అన్నిటి కన్నా ముఖ్యమైనది సంశయలాభం. సాక్ష్యం రెండు వైపులా సమానంగా తూగితే తీర్పు సైనికుడి పక్షాన ఇవ్వాలి. కాబట్టి వైద్యుడు నిశ్చయంగా చెప్పనక్కర్లేదు. ఈ జబ్బు సర్వీసు వల్ల వచ్చే అవకాశం, రాకపోయే అవకాశంతో కనీసం సమానమని కారణంతో రాస్తే చాలు.

కారణాలు ఒక్క దెబ్బ నుంచే రావు. చికాగోలో పారిశ్రామిక వ్యాధులు పరిశీలించిన ఆలిస్ హామిల్టన్ 1918లో ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్‌లోని సున్నపురాయి పనివాళ్లను చూశారు. గాలిసుత్తి పట్టిన వేళ్లు చలికి సుద్దలా తెల్లబడేవి. హెలికాప్టర్ల, భారీ వాహనాల మరమ్మతుల్లో కంపించే పరికరాలు ఏళ్లకేళ్లు పట్టినవారికీ అదే గతి. కంపనానికీ బలమైన పదేపదే పట్టుకూ కార్పల్ టన్నెల్‌తో ఉన్న సంబంధం, కేవలం టైపింగ్‌కు ఉన్నదాని కన్నా చాలా గట్టిది. అందుకే దరఖాస్తులో ఉద్యోగం పేరు రాయడం కన్నా చేతిలో ఏ పరికరం, రోజుకు ఎన్ని గంటలు అన్నది రాయడం మేలు. ఇంకో దారి, ఇప్పటికే గుర్తించిన జబ్బు నుంచి పుట్టిన జబ్బు. వెన్ను దెబ్బతిని చక్రాల కుర్చీ తోసుకునేవారిలో కార్పల్ టన్నెల్ ఎక్కువ. వియత్నాంలో ఏజెంట్ ఆరెంజ్ అనే రసాయనం సోకినవారి టైప్ 2 మధుమేహాన్ని 2001 నుంచి సర్వీసు జబ్బుగానే పరిగణిస్తున్నారు. మధుమేహం మణికట్టు నరాన్ని ఒత్తిడికి ఇంకా త్వరగా లొంగేలా చేస్తుంది. రెండో జబ్బును మొదటిది పుట్టించకపోయినా, ముదిరేలా చేసినా చాలు.

దరఖాస్తు మీద వచ్చిన నిర్ణయం నచ్చకపోతే ఉన్న దారులు 2019 ఫిబ్రవరి 19 నుంచి మూడు. కొత్త, సంబంధమున్న సాక్ష్యంతో మళ్లీ దరఖాస్తు. కొత్త సాక్ష్యం లేకుండా పై అధికారి పరిశీలన. లేదా 1933 నుంచి ఉన్న అప్పీళ్ల బోర్డు. బోర్డులో ఉన్న ఫైలు చాలనుకోవచ్చు, తొంభై రోజుల్లో సాక్ష్యం చేర్చవచ్చు, లేదా న్యాయమూర్తి ముందు మాట్లాడవచ్చు. నిర్ణయం వచ్చిన ఏడాదిలోగా కదలాలి; అలా కదులుతూ ఉంటే మొదటి దరఖాస్తు తేదీ చెల్లుతుంది. బోర్డు కాదంటే కోర్టుకు 120 రోజులు. పైన చెప్పిన స్కఫాయిడ్ కేసులాంటిదానికి మొదటి దారే సరైనదని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ లోపం తీర్పులో కాదు, వైద్యుడి కాగితంలో ఉంది.

మన దేశంలో మాజీ సైనికుల వైకల్య పింఛను నియమాలు వేరు. అయినా ఇక్కడి కేసులూ చాలాసార్లు ఇదే సంబంధం దగ్గర నిలుస్తాయి. చేరేటప్పుడు జబ్బు నమోదు కాకపోతే, బయటికి వచ్చేటప్పుడు ఉన్న వైకల్యం సర్వీసు వల్ల కలిగిందనే అనుకోవాలని, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు 2013లో స్పష్టం చేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జవాన్లకు ఒక మాట. డిశ్చార్జి వైద్యబోర్డు ముందు చేతి నొప్పి దాచుకోవద్దు. ఎక్స్‌రే నకలు ఇంటికి తెచ్చుకోవాలి.

అమెరికా షెడ్యూలులో మణికట్టు భాగాన్ని తిరగరాయాలి. పదికీ ముప్పైకీ మధ్య ఇరవై మెట్టు ఉండాలి. దాని హద్దు 15 డిగ్రీల దగ్గర కాదు, పరిశోధనలు చెప్పిన ముప్పై, నలభై డిగ్రీల ఉపయోగ కదలిక నుంచి లెక్కగట్టాలి. పట్టు బలాన్ని కొలిచిన అంకె అందులో భాగం కావాలి. అది అమెరికా కాంగ్రెసూ మాజీ సైనికుల వ్యవహారాల శాఖా చేయవలసిన పని, ఎప్పుడవుతుందో ఎవరూ చెప్పలేరు. ఈలోగా చేయగలిగింది వైద్యుల చేతిలో ఉంది. ఆ దేశంలో వైద్యులుగా ఉన్న తెలుగువారిలో మాజీ సైనికులను చూసేవారు ఉన్నారు. వారికి నా విన్నపం ఇది. మణికట్టు రిపోర్టు రాసేటప్పుడు నొప్పి ఏ డిగ్రీ దగ్గర మొదలైందో, మూడుసార్లు వంచాక ఎంత మిగిలిందో, రెండో చేతి కొలత ఎంతో, జబ్బు ముదిరిన రోజున రోగి ఏ పని చేయలేకపోతున్నాడో రాయండి. సర్వీసుతో సంబంధం ఉందన్నా, లేదన్నా, అలా ఎందుకు అనుకుంటున్నారో ఆ కింద మరో నాలుగు వాక్యాలు రాయండి.